పులికి రక్షణ, దారికి?

గోదావరిఖని వద్ద నది దాటి ఉత్తరముగా పోయినచో మంచిర్యాల జిల్లా. అందు జన్నారం పరిసరములలో కవ్వాల్ అడవి గలదు. ఇది 1965లో అభయారణ్యమైనది. 2012లో పులుల సంరక్షణ కేంద్రమైనది. దీని కేంద్రభాగము సుమారు 893 చదరపు కిలోమీటర్లు.

ఈ వైశాల్యము మనకు పెద్దదిగా తోచును; పులికి కాదు. ఎదిగిన పులిపిల్ల తల్లిని విడిచి వేరొక తావు వెదకికొనును. మహారాష్ట్రలోని తడోబా అడవులలో పుట్టిన పులులు కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ అడవుల మీదుగా ఇటు వచ్చుచున్నవి. కవ్వాల్ చెరువైనచో ఆ అడవులు దానికి నీరు తెచ్చు కాలువ. కాలువ పూడినచో, కట్ట ఎంత గట్టిదైనను చెరువు ఎండక తప్పదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పులికిని, అభయారణ్యమునకును గట్టి రక్షణ నిచ్చినది. వెలుపలి అడవికి 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము ముఖ్యమైన అండ. భూమి ఎవరిదైనను, నిఘంటువు అర్థములో అడవియైనచో ఈ చట్టము వర్తించునని 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు చెప్పినది. 2023 నాటి సవరణ ఆ పరిధిని కుదించి, ప్రకటిత అడవులకును, 1980 అక్టోబరు 25 నుండి ప్రభుత్వ రికార్డులలో అడవిగా నమోదైన భూములకును పరిమితము చేసినది. దారి నడుమ నున్న, కాగితముల కెక్కని చిట్టడవులకు ఇందువలన ముప్పు. రాష్ట్రములు జాబితాలు సిద్ధపరచు వరకు పాత అర్థమునే పాటింపవలెనని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 19న మధ్యంతరముగా ఆదేశించినది.

బొగ్గు మనకు అన్నము పెట్టినది. దానిని కాదనుట కృతఘ్నత. కాని భూగర్భములోని బాయి పైనున్న చెట్టును చాలవరకు నిలువనిచ్చును. ఓపెన్‌కాస్టు గని అడవిని మట్టితో సహా తొలగించును. మట్టిగుట్టలపై పిమ్మట మొక్కలు నాటవచ్చును. అవి పెరుగు వరకు పులి ఏ దారిని నడువవలెను?

ఈ దారిని కాచుటకై రాష్ట్ర ప్రభుత్వము 2025 మే 30న కుమురం భీం సంరక్షణ ప్రాంతమును ప్రకటించినది. పోడుభూములు పోవునని ఆదివాసులు ఆందోళన చేయగా జూలైలో ఆ ఉత్తర్వును నిలిపివేసినది. వారి భయము త్రోసివేయదగినది కాదు. గ్రామములతో ముందు మాటాడి, వారి హక్కులను వ్రాతమూలకముగా నిలిపి, పిదప హద్దు గీయుట న్యాయము.

మన ప్రాంతమున కొత్త గనికి ప్రజాభిప్రాయ సభ జరిగినపుడు నష్టపరిహారము, ఉద్యోగములు అడుగుట సహజమే. వానితోపాటు, ఈ భూమిలో మృగముల దారి ఉన్నదా అని కూడ అడుగుదము. సమాధానము గని త్రవ్వకముందే రావలెను.