ప్లేట్ల కొట్టు

గ్రామఫోను రికార్డుల కథ మొదటి నుంచీ చెప్పమన్నారు ఆకాశవాణి వారు. బూరా, దాని ముందు కూర్చున్న కుక్క మీకు తెలియనివి కావు. నేను నేరుగా రికార్డుల దగ్గరికే వెళ్లిపోతాను.

మేం రికార్డు అనేవాళ్లం కాదు, ప్లేటు అనేవాళ్లం. మాట మార్చినవాణ్ణి 'ప్లేటు ఫిరాయించాడు' అంటామే, అది ఈ ప్లేటేనని నా నమ్మకం. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ ప్లేటు మీద ఒక పక్క పట్టేది ఇంచుమించు మూడు నిమిషాల పాటే. నాటకాల సెట్లయితే మరీ చిత్రం. కాటిలో హరిశ్చంద్రుడు రాగం అందుకునేసరికి ముల్లు మధ్యకొచ్చి గరగరమనేది. ఎవరో లేచి ప్లేటు తిరగేసి, ముల్లు మార్చి, కీ ఇచ్చేదాకా ఆయన శోకం ఆగాల్సిందే.

1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ ప్లేటు కోసం పాట పాడి, చివర్లో తన పేరు ఇంగ్లీషులో చెప్పుకుంది. గొప్పకు కాదు. అచ్చు వేసేది జర్మనీలో, హానోవర్‌లో. ఏ పాట ఎవరిదో అక్కడి పనివాళ్లకు తెలియాలి కదా! ఆ ప్లేట్లకు కావలసిన లక్క మాత్రం మన అడవులదే. మోదుగ, రేగు కొమ్మల మీద పురుగు పెట్టిన లక్క ఓడెక్కి వెళ్లి, పాటై తిరిగొచ్చేది.

బెజవాడలో మేం వెళ్లే కొట్లో గల్లా పక్కనే గ్రామఫోను ఉండేది. యజమాని ప్లేటును అంచులు పట్టి, గీతల మీద వేలు పడకుండా కవరులోంచి తీసేవాడు. మఖమల్ గుడ్డతో ఒక్కసారి తుడిచేవాడు. మనం పూర్తిగా వినందే డబ్బు పుచ్చుకునేవాడు కాదు. కొననివాళ్లు మెట్ల మీద కూర్చునేవారు. వాళ్లను ఒక్కనాడూ పొమ్మనలేదు.

1960ల్లో ఒకసారి, ఘంటసాల పాడిన 'పుష్పవిలాపం' తెమ్మని నాన్న నన్ను పంపారు. తిరుగుబస్సులో కునుకు పట్టింది, ఒళ్లోంచి జారింది. ఇంటికొచ్చి చూస్తే వెంట్రుకంత చీలిక. నాన్న ఏమీ అనలేదు, ప్లేటు పెట్టారు. చుట్టు చుట్టుకీ టక్, టక్. మా చెల్లెలు ఆ పద్యాలు నేర్చుకున్నది ఆ ప్లేటు వినే.

తర్వాత వినైలు ఎల్పీలు, క్యాసెట్లు, సీడీలు వచ్చాయి. ఆ కొట్లో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. అమెరికాలో 2022లో సీడీల కంటే వినైలు రికార్డులే ఎక్కువ అమ్ముడయ్యాయి, 1987 తర్వాత అదే మొదటిసారి. సంతోషమే. మా మనవడూ వేలు పోసి ఒకటి తెప్పించి గోడకు తగిలించాడు. పైన ప్లాస్టిక్కు కూడా విప్పలేదు! అడిగితే, "విప్పితే విలువ పోతుంది తాతయ్యా" అన్నాడు. మెట్ల మీద ఊరికే కూర్చుని విన్నవాళ్లు నయం కదండీ!

ఆకాశవాణిలో 'పుష్పవిలాపం' వేస్తే ఇప్పటికీ పని ఆపి వింటాను. మా చెల్లెలికి అరవై దాటాయి. ఆ పద్యాలు పాడమంటే పాడుతుంది, మధ్యమధ్య నాలుకతో టక్‌మనిపిస్తూ.