కూర్చుండబెట్టి పోషించుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



"మా తండ్రిని కాలు క్రింద పెట్టనీయక కూర్చుండబెట్టి పోషించుచున్నాము" అని మన కొడుకులు గర్వముగా చెప్పుకొందురు. ఆ ప్రేమ గొప్పదే. ఆ పోషణము మాత్రము ప్రమాదకరము.

పూర్వము లండనులో రెండంతస్తుల బస్సులు నడపు డ్రైవరులు దినమంతయు కూర్చుండియే యుండెడివారు. అదే బస్సులో కండక్టరులు టిక్కెట్లకై వందలకొలది మెట్లు ఎక్కి దిగెడివారు. జెరెమీ మోరిస్ అను వైద్యుడు సహచరులతో గూడి ఈ రెండు తెగలవారిని పోల్చి 1953లో ఫలితములు ప్రకటించెను. గుండెజబ్బు డ్రైవరులకే హెచ్చుగా నుండెను. వారు మొదటినుండియు స్థూలకాయులేమో యని శంకించి, ఆయన కొలువు దుస్తుల నడుము కొలతలు సైతము పరిశీలించెను. శంక కొంత నిజమే. అయినను సన్ననివారిలోను, లావువారిలోను గూడ కండక్టరులకే మేలు కనబడెను. ఆ మోరిస్ 99 ఏండ్లు జీవించి 2009లో గతించెను. ఒక్కని ఆయువు నిదర్శనము కాదనుకొనుడు!

వాడని కండరము క్షీణించును. తూలిపడుట, తుంటియెముక విరుగుట, మంచము పట్టుట వెంటవెంట వచ్చును. 65 ఏండ్లు దాటినవారు వారమునకు 150 నిమిషములైనను వడిగా నడచుట, మూడు దినములైనను బలమునకు, నిలకడకు తగిన వ్యాయామము చేయుట అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించెను. అంత చేయలేనివారికి కొంచెమైనను మేలే.

మనుమనిచేత పుస్తకములు తెప్పించుకొను పెద్దలు ఇకపై తామే నడచి రావలెను. గ్రంథపాలకులు వారికి పర్యాయమునకు ఒక్క పుస్తకమే ఇయ్యవలెనని మనవి.