తుమ్మపూడి నుంచి వచ్చిన ఉత్తరాలు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



దుగ్గిరాల అనగానే ఎవరైనా పసుపు యార్డు అంటారు. తప్పులేదు, పసుపు మనకి అన్నం పెట్టింది. కానీ ఈ చుట్టుపక్కల పుట్టిన మనుషుల సంగతి మన పిల్లల్ని అడిగితే నోరు మెదపరు.

మోరంపూడి కొంగర జగ్గయ్యగారిని సినిమాల వల్ల కొందరు ఎరుగుదురు. ఆ కంచుకంఠం ముందు ఢిల్లీ రేడియోలో తెలుగు వార్తలు చదివింది. 1967లో ఆయన ఒంగోలు నుంచి లోక్‌సభకు వెళ్ళారు. టాగూరు గీతాంజలిని తెలుగు చేశారు. వేషం వేసేవాడికి పుస్తకాలెందుకు అనేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

నేను ముఖ్యంగా చెప్పదలచింది తుమ్మపూడి సంజీవదేవ్ గారి గురించి. 1914లో పుట్టారు, 1999లో పోయారు. కాలేజీ డిగ్రీ లేదు. అయినా ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ పట్టుబట్టి నేర్చారు. కుర్రతనంలోనే హిమాలయాల దాకా వెళ్ళి, కులూ లోయలో రష్యా చిత్రకారుడు నికొలస్ రోరిక్ స్నేహం సంపాదించారు. బొమ్మలు వేశారు, చిత్రకళ మీద వ్యాసాలు రాశారు, 'తెగిన జ్ఞాపకాలు' అని తన జీవితాన్ని రాసుకున్నారు.

అంత తిరిగినాయన మద్రాసులోనో ఢిల్లీలోనో స్థిరపడలేదు. తుమ్మపూడి వచ్చి కూర్చున్నారు. లోకమే ఆయన దగ్గరికి వచ్చింది, సగం పోస్టులో వచ్చింది! పేరున్న రచయిత రాసినా, ముక్కూ మొహం తెలియని కుర్రాడు రాసినా జవాబు వెళ్ళేది. వాటిలో కొన్ని పుస్తకాలుగా వచ్చాయి. నన్నడిగితే ఆయన వ్యాసాలకన్నా ఆ ఉత్తరాలే గొప్పవి. వ్యాసంలో పండితుడు కనిపిస్తాడు, ఉత్తరంలో మన పక్కింటి పెద్దమనిషి అరుగు మీద కూర్చుని మాట్లాడినట్టుంటుంది.

ఇదంతా మన సభలో ఎందుకంటారా? పదో తరగతి తప్పగానే కుర్రాణ్ణి మెకానిక్ షెడ్డులో పెట్టి, ఇక వీడికి చదువు అబ్బదని తేల్చేస్తున్నాం. షెడ్డులో పని చెయ్యనివ్వండి, అందులో నామోషీ ఏమీ లేదు. సాయంత్రం వాడి చేతిలో పుస్తకం ఎందుకు ఉండకూడదూ? డిగ్రీ లేకుండా ఒక మనిషి ఎంతదూరం వెళ్ళాడో వాడికి ఎవరు చెప్పాలి?

ఇంకొక్క మాట. ఆ ఉత్తరాలు ఈ ప్రాంతంలో ఎవరి ట్రంకుపెట్టెల్లోనో ఉండే ఉంటాయి. చెదలు చదివేలోపు బయటికి తీయండి. అసలు మీదగ్గరే ఉంచుకోండి, నకలు ఒకటి మన సొసైటీకి ఇప్పించండి. ఒక బీరువా ఖాళీ చేయిస్తామని కార్యదర్శిగారు ఇందాకే మాట ఇచ్చారు.

సెలవు.