సున్నా వేరు, ఖాళీ వేరు
(కువైట్ ఫుట్‌బాల్ రికార్డులపై ప్రసంగ పాఠం)



కువైట్ నుంచి వచ్చినవాణ్ణి మైకు ముందు నిలబెడితే ఎండ సంగతో, దినార్ రేటు సంగతో చెబుతాడని మీరు అనుకుని ఉంటారు. నేను ఫుట్‌బాల్ అంకెలు చెబుదామని వచ్చాను. పగలంతా డేటాబేస్‌లతో కాపురం చేసేవాణ్ణి కాబట్టి సాయంత్రం ఏదైనా పట్టిక కనబడితే చెయ్యి ఊరుకోదు. చాలా ఏళ్లుగా కువైట్ జాతీయ జట్టు ఆడిన మ్యాచ్‌లను ఒక పట్టికలో ఎక్కిస్తూ వస్తున్నాను. మా ఆవిడ దీన్ని "పనీపాటా లేని పని" అంటుంది. ఆ పనిలో నాకు తట్టిన ఒక్క సంగతి మీతో చెప్పి కూర్చుంటాను.

ముందు గొప్పలు. 1961లో స్వాతంత్ర్యం వచ్చిన దేశం, 1964లో ఫిఫాలో చేరింది. 1980లో ఆసియా కప్ తన గడ్డమీదే జరిగితే గెలిచింది. గ్రూపు దశలో దక్షిణ కొరియా చేతిలో 0-3తో ఓడి, అదే కొరియాను ఫైనల్లో 3-0తో ఓడించింది. అప్పటికి ఆ దేశ జనాభా పౌరులూ పరాయివాళ్లూ కలిపి పదమూడు, పద్నాలుగు లక్షలు. 1982లో స్పెయిన్‌లో ప్రపంచ కప్ ఆడింది. కోచ్ కార్లోస్ అల్బెర్టో పరైరా. ఈయనే 1994లో బ్రెజిల్‌కు కప్ తెచ్చిపెట్టాడు. గల్ఫ్ కప్ పదిసార్లు గెలిచింది, మరెవరూ అన్నిసార్లు గెలవలేదు. 2000 ఫిబ్రవరిలో భూటాన్‌ను 20-0తో ఓడించి ప్రపంచ రికార్డు పెట్టింది. ఆ రికార్డు పధ్నాలుగు నెలలు కూడా నిలవలేదు. 2001 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా టోంగా మీద 22, రెండు రోజులకే అమెరికన్ సమోవా మీద 31 కొట్టింది. గోల్స్‌లో బషర్ అబ్దుల్లాది మొదటి స్థానం, 75. ఇవి ఎక్కడైనా దొరికే అంకెలే.

1982లో ఫ్రాన్స్ మ్యాచ్ తీసుకోండి. పట్టికలో ఫ్రాన్స్ 4, కువైట్ 1. అంతే. ఆ రోజు ప్రేక్షకుల్లోంచి వచ్చిన ఈల విని రెఫరీ ఊదాడనుకుని కువైట్ ఆటగాళ్లు ఆగిపోయారు. జిరెస్ గోల్ కొట్టేశాడు. కువైట్ సంఘం అధ్యక్షుడు షేక్ ఫహద్ స్టాండ్స్‌లోంచి మైదానంలోకి దిగి అభ్యంతరం చెప్పాడు, రెఫరీ ఇచ్చిన గోల్‌ను వెనక్కి తీసుకున్నాడు! లోకమంతా నవ్వుకుంది. చివర్లో బోసిస్ మరో గోల్ కొట్టడంతో స్కోరు ఎలాగూ 4-1కే చేరింది. ఆ షేక్ ఫహదే 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చిన రోజున దస్మాన్ రాజభవనం దగ్గర ప్రాణాలు కోల్పోయాడు. ఇది ఏ స్కోరు కార్డులోనూ ఉండదు. ఉండాలని నేను అనను, అది స్కోరు కార్డు పని కాదు.

అసలు సంగతి 2015లో ఉంది. డేటాబేస్‌లో పనిచేసేవాళ్లకు 'నల్' తెలుసు. మిగతావారికి ఇలా చెబుతాను: బ్యాంకు ఖాతాలో సున్నా ఉండటం వేరు, అసలు ఖాతాయే లేకపోవడం వేరు. మొదటిది సున్నా, రెండోది నల్, అంటే ఖాళీ. ఖాళీ ఉన్నచోట సున్నా రాస్తే సగటులు తప్పుతాయి, జీతాలు తప్పుతాయి, మనుషుల బతుకులే తప్పుతాయి.

2015 అక్టోబర్ 16న ఫిఫా కువైట్‌ను సస్పెండ్ చేసింది. క్రీడా సంఘాల వ్యవహారాల్లో ప్రభుత్వ జోక్యానికి తావిచ్చే చట్టం కారణం. 2017 డిసెంబర్ 6 దాకా, దాదాపు ఇరవై ఆరు నెలలు, జట్టు ఆడలేదు. సెప్టెంబర్‌లో ప్రపంచ కప్ క్వాలిఫయింగ్‌లో మయన్మార్‌ను 9-0తో చితక్కొట్టిన జట్టు ఇది. నవంబర్‌లో తిరుగు మ్యాచ్ జరగలేదు. పట్టికలో మాత్రం మయన్మార్ 3, కువైట్ 0 అని ఎక్కింది. లావోస్‌తోనూ అంతే, కొరియాతోనూ అంతే. ఆ మూడేసి గోల్స్ కొట్టిందెవరు? ఎవరూ లేరు. నిబంధన కొట్టింది.

ర్యాంకు మరీ అన్యాయం. 1998 డిసెంబర్‌లో 24వ ర్యాంకు చూసిన జట్టు 2017 డిసెంబర్‌కు 189కి పడిపోయింది. ఓడి పడలేదు, ఆడక పడింది. అప్పటి సూత్రంలో ఆడని ఏడాదికి పాయింట్లు సున్నా. 2018లో ఫిఫా ఎలో పద్ధతికి మారింది. అందులో ఆడకపోతే పాయింట్లు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. సున్నాకూ ఖాళీకీ తేడా ఉందని ఫిఫా ఆలస్యంగానైనా ఒప్పుకున్నట్టే అని నా లెక్క.

ఇక బదర్ అల్ ముతవ్వా. 2003లో జట్టులోకి వచ్చాడు, 2022 జూన్ నాటికి 196 మ్యాచ్‌లు. అప్పటికి పురుషుల ఫుట్‌బాల్‌లో దేశం తరఫున అన్ని మ్యాచ్‌లు ఆడినవాడు మరొకడు లేడు. 2023 మార్చిలో లీచెన్‌స్టీన్ మీద 197వ మ్యాచ్ ఆడి క్రిస్టియానో రొనాల్డో దాటేశాడు. బదర్ పుట్టింది 1985లో. సస్పెన్షన్ నడిచిన కాలం అతనికి ముప్ఫై నుంచి ముప్ఫై రెండు. పంతొమ్మిదేళ్లలో రెండు తీసేస్తే పదిహేడు. 196ను పదిహేడుతో భాగిస్తే ఏడాదికి పదకొండున్నర. అంటే ఇరవైకి పైగా మ్యాచ్‌లు పోయాయని నాలోని ఇంజనీరు అంటాడు. కానీ ఆ ఇరవైని పట్టికలో రాయడానికి వీల్లేదు. ఆడనిది ఆడనిదే. పక్కన చిన్న గమనిక ఉండాలి, అంతవరకే. మలేషియా సో చిన్ ఆన్ కథ చూడండి, చాలాకాలం 219 అని చెప్పుకునేవారు. ఒలింపిక్ క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు లెక్కలోకి రావని తీసేస్తే 195 మిగిలాయి. ఆడినవే తీసేశాక ఆడనివి ఎలా కలుపుతాం?

మనవాళ్ల జీవితాల్లోనూ ఇలాంటి గడి ఒకటి ఉంది. కడప, రాజంపేట, కోనసీమ నుంచి వెళ్లి 1990 నాటికే కువైట్‌లో ఉన్న పెద్దలను అడగండి. ఎడారి దాటి అమ్మాన్ చేరినవాళ్లు, అక్కణ్ణుంచి ఎయిరిండియా విమానాల్లో వచ్చిన లక్షకు పైగా భారతీయుల్లో ఉన్నవాళ్లు. 1991 ఫిబ్రవరిలో కువైట్‌కు విముక్తి వచ్చాక కొందరు తిరిగి వెళ్లారు, కొందరు వెళ్లలేదు. ఆ మధ్యకాలం సర్వీసులో ఏమని రాయాలి? ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్ దానికీ ఒక అంకె వేసింది. దేశం విడిచి రావలసి వచ్చినందుకు మనిషికి 4,000 డాలర్ల వరకు, కుటుంబానికి 8,000 వరకు. ఆ డబ్బుతో ఇల్లు కట్టుకున్నవారున్నారు. కట్టిన ఇంటికి "కువైట్ ఇల్లు" అని పేరు పడిపోయింది కొన్ని ఊళ్లలో.

చివరిగా ఇండియా, కువైట్ సంగతి. పిల్లలున్నారు కనుక ఇది చెప్పకపోతే ఒప్పుకోరు. 2010 నవంబర్‌లో ఇండియా 1-9తో ఓడింది. 2023 జూలై 4న బెంగళూరులో శాఫ్ ఫైనల్ 1-1 దగ్గర ఆగితే పెనాల్టీల్లో 5-4తో కప్ మనకొచ్చింది. గణాంకాల్లో మాత్రం అది డ్రాయే! అదే ఏడాది నవంబర్ 16న కువైట్‌లోని జాబర్ స్టేడియంలో మన్వీర్ సింగ్ గోల్‌తో 1-0. ఆ రాత్రి కువైట్‌లో మనవాళ్ల సంబరం చూడాల్సిందే. 2024 జూన్ 6న కోల్‌కతాలో 0-0. సునీల్ ఛెత్రీ వీడ్కోలు మ్యాచ్ అన్నారు, మరుసటి ఏడాది మళ్లీ ఆడాడనుకోండి. ఐదు రోజుల తర్వాత దోహాలో ఖతర్ మీద ఇండియా ముందంజలో ఉండగా, గీత దాటిపోయిన బంతిని వెనక్కి లాగి కొట్టిన గోల్‌ను రెఫరీ ఒప్పుకున్నాడు. చివరికి ఇండియా 1-2తో ఓడింది. అదే రోజు ఆఫ్ఘనిస్థాన్‌ను 1-0తో గెలిచిన కువైట్ మూడో రౌండ్‌కు వెళ్లింది. మన ఇంట్లో పెద్దలు రెఫరీని తిడుతుంటే, కువైట్‌లో పుట్టి పెరిగిన పిల్లలు "మనం క్వాలిఫై అయ్యాం" అని గెంతారు. ఏ "మనం" అని నేను అడగలేదు. ఆ పిల్లలు కువైట్ పౌరులు కారు, ఎంత బాగా ఆడినా ఆ నీలం చొక్కా వేసుకునే అవకాశం దాదాపు లేనట్టే. ఇంకో నీలం చొక్కా ఉంది, దాన్ని వాళ్లు సెలవుల్లో మాత్రమే చూస్తారు.

పట్టిక అచ్చు కాపీలు కొన్ని తెచ్చాను, బయట బల్ల మీద పెట్టాను. తప్పు కనబడితే పెన్నుతో దిద్ది ఇవ్వండి. ఇంకో మనవి: 1990కి ముందు కువైట్‌లో మనవాళ్లు శుక్రవారాల్లో ఆడుకున్న వాలీబాల్, క్రికెట్ స్కోరు పుస్తకాలు గానీ, ఫొటోలు గానీ ఎవరింట్లోనైనా ఉంటే చెప్పండి. స్కాన్ చేసుకుని జాగ్రత్తగా తిరిగి ఇస్తాను. భోజనాల వేళయింది, సెలవు.