సంతలో పొట్టేలుపిల్ల ధర



పొదిలి, కనిగిరి, దర్శి మెట్టల్లో వాన ముఖం చాటేసిన ఏడు ఇల్లు గడిపేది జీవాలే. ఈ మధ్య మందలు లేనివారు కూడా సంతలో మూడు నెలల పొట్టేలుపిల్లలను కొని, మరి మూడు నెలలు మేపి అమ్ముకుంటున్నారు. మంచి పనే. అయితే లాభమో నష్టమో దొడ్లో కంటే ముందు సంతలోనే సగం తేలిపోతుంది.

మన సంతల్లో బేరం జతకు. దళారి తువ్వాలు కప్పి వేళ్లు పట్టుకుంటాడు. ధర ఎంతో ఆ ఇద్దరికే తెలుసు. జతలో ఒకటి పుష్టిగా, రెండోది బక్కగా ఉంటుంది. మన కన్ను పుష్టిగా ఉన్నదాని మీదే పడుతుంది. పైగా ఉప్పు నాకించి, కడుపునిండా నీళ్లు పట్టించి తోలుకొచ్చేవారూ ఉన్నారు. అమెరికాలో మేపుడు దూడలను వారపు వేలంలో తూచి, నూరు పౌన్లకు ఇంతని ధర కట్టి, ఆ ధరలు ప్రకటిస్తారు. మనకు ఆ వేలం లేదు గాని, కొక్కెం త్రాసు ఉన్నది గదా!

మా ఎరుకలో ఒక రైతు, ఇంటావిడ పొదుపు సంఘంలో తెచ్చిన అప్పుతో పది జతలు కొన్నాడు. జత 9,600 రూపాయలు. పక్క రైతు 10,800 పెట్టి కొంటే "మోసపోయావురా" అని నవ్వాడట. ఇంటికొచ్చాక తూచి చూశాం. మనవాడి జత 14, 10 కలిపి 24 కిలోలు. అంటే కిలో 400. పక్కవాడి జత 30 కిలోలు, కిలో 360. ఇద్దరూ కంది పొట్టు, వేరుశనగ తీగ, కొంచెం దాణా ఒకేలా మేపారు. రోజుకు నూరు గ్రాముల చొప్పున తొంభై రోజుల్లో పిల్లకు 9 కిలోలు పెరిగింది. ఇద్దరూ కిలో 350కి అమ్మారు. మనవాడికి జతకు మిగిలింది 5,100, పక్కవాడికి 6,000. పది జతల మీద తేడా 9,000 రూపాయలు. అంకెలు గుండ్రం చేసి చెప్పాను. మేత, మందుల ఖర్చు ఇంకా తీసివేయలేదు.

ఒక్క మాట గమనించండి. కొన్న బరువు మీద ఇద్దరూ నష్టపోయారు. గట్టెక్కించింది పెరిగిన బరువే. కావున కొనే ముందే, "ఇవాళ పెద్ద పొట్టేలు కిలో ఎంత పోతున్నది?" అని విచారించండి. పిల్ల కిలో ధర దానికి మరీ మించిపోతే ఆ వారం వట్టి చేతులతో తిరిగి రావడం నామోషీ కాదు. తొలకరికి పచ్చిక రాగానే అందరూ పిల్లల కోసం ఎగబడతారు, ధర ఎక్కుతుంది. ఎండాకాలం మేత లేక కాపరులు తెగనమ్ముతారు. మీ దగ్గర వామి ఉంటే అదే అదను.

విస్తరణ సిబ్బంది ప్రతి సంతకూ పది జతలైనా తూచి, కిలో ధర పంచాయతీ బోర్డు మీద సుద్దముక్కతో రాయాలని నా మనవి. పావుగంట పని.

కొన్న పిల్లలను మూడు వారాలు పాత జీవాలతో కలపకండి. పశువైద్యుని అడిగి నట్టల మందు తాగించి, చిటుక రోగానికి, పి.పి.ఆర్.కు టీకాలు వేయించండి. పై లెక్కలో ఒక్క పిల్ల చచ్చినా దాదాపు ఒకటిన్నర జతల లాభం పోయినట్టే.