నల్ల బూజుకు మేత ఏది?



ఈ పూట బూజు గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి. శెనక్కాయ విత్తినాక కొన్ని మొలకలు వాలిపోతాయి. పీకి చూస్తే మొదలు మసి పూసినట్టు నల్లగా ఉంటుంది. మొదలు కుళ్ళు తెగులు అది. ఆ మసి ఒక బూజు. మన నేలలోనే ఉంటుంది. పేరు ఆస్పర్జిల్లస్ నైగర్.

బూజుకు నోరు లేదు, పండ్లు లేవు. మరి ఎట్లా తింటుంది? ఒక రసం వదులుతుంది. ఆ రసం గడ్డిని, పొట్టును కరిగిస్తుంది. కరిగినదాన్ని బూజు పీల్చుకుంటుంది. కరిగించే ఆ పదార్థమే ఎంజైము. మన ఎంగిలిలో కూడా ఎంజైము ఉంది. అన్నం ముద్దను మింగకుండా నములుతూ ఉండండి, తియ్యగా అవుతుంది.

ఎంజైములకు ఫ్యాక్టరీల్లో గిరాకీ ఉంది. మన రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుడతారు కదా. అట్లాంటి బట్ట మెత్తబడి వెలిసినట్టు కనపడాలని రాళ్ళు వేసి ఉతికేవాళ్ళు. రాళ్ళకు బదులు ఈ ఎంజైము ఆ పని చేస్తుంది.

దాన్ని తయారు చేయాలంటే బూజును మేపాలి. ఏ మేత మంచిది? అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో పరీక్ష చేసి చూశారు. ఆ ఫలితం 2007లో అచ్చయింది. గోధుమ తవుడు, వరి తవుడు, శెనక్కాయ కట్టె, రంపపు పొట్టు. ఈ నాలుగింటిని తడిపి, వాటిమీద నల్ల బూజును పెంచారు. అయిదు రోజులు చూశారు. మూడు రోజుల్లోపే ఎంజైము ఎక్కువగా వచ్చింది. గోధుమ తవుడు మొదటిది. రెండోది మన శెనక్కాయ కట్టె!

వినడానికి బాగుంది. కానీ వాన లేని ఏడు ఎద్దుకు కట్టే ఆధారం. వామి లేనివాడు పశువును సంతకు తోలాల్సిందే. తవుడు మిల్లులో మిగిలేదే అయినా, అదీ పాడి పశువు దాణాయే. పశువు ముట్టని రంపపు పొట్టేమో ఆ పరీక్షలో వెనకబడింది. కాయలు ఒలిచే మిల్లుల్లో పొట్టు గుట్టలు పడి ఉంటుంది. అది గట్టిది, తొందరగా కరగదు. అయినా వెదకాల్సింది అట్లాంటి చెత్తలోనే అని నా అభిప్రాయం. కట్టె జోలికి మాత్రం పోకూడదు.

ఇంకో మాట. ఇది ఇంట్లో చేసే పని కాదు. నల్ల బూజుకు దాయాది పచ్చ బూజు ఒకటుంది. అది తడిసిన శెనక్కాయల్లో అఫ్లటాక్సిన్ అనే విషం పెడుతుంది. 1960లో ఇంగ్లండులో అట్లాంటి శెనక్కాయ పిండి తిని లక్ష దాకా టర్కీ కోళ్ళు చచ్చాయి. వండినా ఆ విషం పూర్తిగా పోదు. బూజు పట్టిన కాయను మీరు తినొద్దు, పశువుకూ పెట్టొద్దు. కాయలను బాగా ఎండబెట్టినాకే మూటకట్టండి.