చర్మమును కోయక చూచు సూక్ష్మదర్శిని



న్యూ సెటిల్‌మెంట్ నివాసులకు ఇరుసు పరీక్ష క్రొత్త సంగతి కాదు. బండి ఇరుసులో పగులున్నదో లేదో తెలిసికొనుటకు దానిని కోయనక్కరలేదు. అతిధ్వని తరంగములను లోనికి పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనిని బట్టి లోపమును గుర్తింతురు. మనుష్యుని చర్మమునకు మాత్రము చిరకాలము అట్టి సౌకర్యము లేకుండెను. అనుమానము గొల్పు మచ్చ కనబడినచో చిన్న ముక్క కోసి, పలుచని పొరలుగా చేసి, రంగులద్ది, సూక్ష్మదర్శిని క్రింద చూడవలసినదే. ప్రయోగశాల లేని పల్లెలో ఫలితము తెలియుటకు దినములు, వారములు గడచును. రోగము అంతవరకు ఆగదు.

మెదడులోని కణములను చూడగోరి మార్విన్ మిన్‌స్కీ 1957లో పేటెంటు కోరిన పరికరము ఈ చిక్కునకు దారి చూపినది. వెలుగును ఒక్క బిందువుపై కేంద్రీకరించి, ఆ లోతునుండి వచ్చు వెలుగును మాత్రమే సూదిబెజ్జమువంటి రంధ్రముగుండ రానిచ్చి, తక్కిన పొరల మసకను అడ్డగించుట దాని సూత్రము. 1995లో బోస్టన్ నగరమున మిలింద్ రాజాధ్యక్ష, ఆయన సహచరులు ఈ పద్ధతిచే సజీవ మానవ చర్మములోని కణములను చూపిరి. చర్మమునకు వన్నెనిచ్చు మెలనిన్ వెలుగును బాగుగా త్రిప్పికొట్టును గనుక రంగులద్దు పనియు లేదు.

అయితే వెలుగును బిందువు వెంట బిందువుగా నడపుటకు కదలు అద్దములు కావలెను. అందుచే ఖరీదు పెరిగినది. 2018లో డాంగ్‌క్యున్ కాంగ్ బృందము ఆ అద్దములనే తొలగించినది. సన్నని చీలికగుండ వచ్చిన వెలుగును ఒక జాలకము రంగులుగా విడదీయును. ఒక్కొక్క రంగు చర్మముపై ఒక్కొక్క గీతను వెలిగించును. చిత్రమును స్మార్ట్‌ఫోను కెమేరా గ్రహించును. విడిభాగముల ఖర్చు సుమారు 4,200 డాలర్లు. ఉగాండా వంటి దేశములలో కపోసి సార్కోమా అను క్యాన్సరును గుర్తించుటకు తోడ్పడవలెనని వారి ఆశయము. కదలు భాగములు తగ్గినచో యంత్రము చౌకయగునను సత్యము వర్క్‌షాపు పనివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ పద్ధతికి హద్దులును కలవు. మిల్లీమీటరులో సుమారు అయిదవ వంతునకు మించిన లోతు స్పష్టముగా కనబడదు. చిత్రమును చదువుటకు శిక్షణ పొందిన కన్ను కావలెను. నిర్ధారణకు ముక్క పరీక్ష నేటికిని అవసరమగుచున్నది.

అన్నిటికంటె పెద్ద అడ్డంకి యంత్రములో లేదు. జాతీయస్థాయిలో కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా తొలగినదని భారతదేశము 2005లో ప్రకటించినను, ప్రపంచమున క్రొత్తగా నమోదగు రోగులలో సగమునకు పైగా ఈ దేశమునందే యున్నారు. మందు ఉచితము, రోగము నయమగును. అయినను స్పర్శ తెలియని మచ్చను సిగ్గుచే దాచువారు కలరు. దాచిన మచ్చను ఎంతటి చౌక పరికరమును చూడజాలదు. కావున ఇంటిలో ఎవరికైన అట్టి మచ్చ కనబడినచో, చొక్కా చేతిక్రింద దాచక, వెంటనే వైద్యునికి చూపుట ప్రతి కుటుంబమునకు మొదటి కర్తవ్యము.